కాలేజీ ఫుట్‌బాల్: అమెరికాలో ఈ ‘కాన్ఫరెన్స్’ల గోల ఏంటి? టెక్కలి నుంచి వెళ్లిన స్టూడెంట్ ఫీజు బిల్లుకి దీంతో లింకేంటి?

నవంబర్ నెల. శనివారం రాత్రి పదిన్నర. టెక్కలి పక్కన రావివలసలో ఊరంతా సద్దుమణిగిన టైమ్‌లో ఫోన్ మోగుతుంది. అమెరికాలో ఎంఎస్ చదువుతున్న కొడుకు వీడియో కాల్. వెనకాల ఇసకేస్తే రాలనంత జనం, బ్యాండు మోత, అరుపులు. "అదేట్రా నాన్నా, ఏదైనా జాతరా?" అని అమ్మ అడుగుతుంది. "జాతర కాదమ్మా, మా కాలేజీ మ్యాచ్" అంటాడు వాడు.

కార్తీక సోమవారం ఎండల మల్లికార్జున స్వామి గుడికి వచ్చే జనాన్ని చూసిన ఊరికి రద్దీ కొత్తేం కాదు. కానీ ఒక కాలేజీ ఆటకి అంత జనమా? అవును, నిజమే. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 సీట్లు ఉన్నాయి. అక్కడ ఆడేది ప్రొఫెషనల్ జట్టు కాదు. చదువుకునే పిల్లలు.

ఇలాంటి వీడియోలు శ్రీకాకుళం జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య బాగానే తిరుగుతున్నాయి. ఉద్దానం నుంచి వలస అంటే ఒకప్పుడు గల్ఫ్, చెన్నై, హైదరాబాద్ అనేవాళ్లు. ఇప్పుడు ఆ లిస్టులో డాలస్, షార్లెట్, టెంపీ కూడా చేరాయి. వీడియోలతో పాటు కొన్ని పదాలు కూడా వస్తున్నాయి. మా యూనివర్సిటీ బిగ్ 12లోకి వెళ్లింది, మాది అమెరికన్ కాన్ఫరెన్స్, పాక్-12 మళ్లీ లేచింది... ఇదంతా ఏంటి? ఎవరు ఎందుకు ఎక్కడికి వెళ్తున్నారు? సింపుల్‌గా చూద్దాం.

ముందు ఆట సంగతి

ఇది మన ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా ఉంటుంది, చేత్తో పట్టుకుని పరిగెడతారు, విసురుతారు. ఒక్కో జట్టులో 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, లేకపోతే బంతి అవతలి జట్టుకి. కబడ్డీలో ఉండే తోపులాట, చెస్‌లో ఉండే ఎత్తులు రెండూ కలిపినట్టు ఉంటుంది. ఇంతకంటే ఎక్కువ రూల్స్ ఇప్పుడు అక్కర్లేదు.

కాన్ఫరెన్స్ అంటే ఏంటి?

కొన్ని యూనివర్సిటీలు కలిసి కట్టుకున్న గ్రూపు. సీజన్‌లో ఎక్కువ మ్యాచ్‌లు ఆ గ్రూపులో వాళ్లతోనే ఆడతారు, చివర్లో గ్రూపు చాంపియన్‌ని తేలుస్తారు. మొదట్లో దీనికి ఆధారం మ్యాపే. దగ్గర ఊళ్లవాళ్లు, రైలు మీదో బస్సు మీదో వెళ్లి ఆడి రాగలిగినవాళ్లు ఒకటయ్యారు. బిగ్ టెన్ 1896లో అలాగే పుట్టింది. ఎస్ఈసీ అని పిలిచే ఆగ్నేయ రాష్ట్రాల గ్రూపు 1932లో వచ్చింది.

ఇప్పుడు పేర్లకీ లెక్కలకీ సంబంధం లేదు. బిగ్ టెన్‌లో పది జట్లు ఉంటాయనుకుంటే పొరపాటే. 2024 నుంచి 18 ఉన్నాయి. బిగ్ 12లో 16. ఏసీసీ పేరులో అట్లాంటిక్ తీరం ఉంది, కానీ పసిఫిక్ తీరంలోని కాలిఫోర్నియా నుంచి స్టాన్‌ఫర్డ్, బర్కిలీ 2024లో అందులో చేరాయి. బంగాళాఖాతం జాలర్ల సంఘంలో అరేబియా సముద్రం వాళ్లని చేర్చుకున్నట్టే ఉంది వ్యవహారం.

ఈ నాలుగు గ్రూపులే పెద్దవి. అందులోనూ ఎస్ఈసీ, బిగ్ టెన్ ఇద్దరే అసలు పెద్దన్నలు.

ఎవరు బలమైన గ్రూపు? ఎవరు తేలుస్తారు?

గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. మన వైపు సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెడతారు కదా. ఒక పక్క నాలుగు గట్టి జట్లు పడితే అందులో ఒక మ్యాచ్ ఓడినవాడు కూడా మొనగాడే. ఇంకో పక్క అన్నీ తేలిక జట్లే పడితే అన్నీ గెలిచినవాడిని కూడా జనం పూర్తిగా నమ్మరు. అమెరికాలో ఇదే తలనొప్పి. వంద దాటిన జట్లు, ఒక్కో జట్టుకి లీగ్ దశలో 12 మ్యాచ్‌లే. అందరూ అందరితో ఆడటం కుదరదు. కాబట్టి ఒక కమిటీ కూర్చుని ర్యాంకులు ఇస్తుంది. ఆ ర్యాంకుల్లో నువ్వు ఎవరిని గెలిచావనేది ఎంత ముఖ్యమో, ఏ గ్రూపులో ఆడావనేదీ అంతే ముఖ్యం అయిపోయింది.

2023లో దీని దెబ్బ ఫ్లోరిడా స్టేట్‌కి తగిలింది. 13 మ్యాచ్‌లు ఆడి 13 గెలిచారు, ఏసీసీ చాంపియన్ అయ్యారు. అప్పట్లో ప్లేఆఫ్‌కి నాలుగు జట్లకే చోటు. కమిటీ వాళ్లని పక్కనపెట్టి, ఒక మ్యాచ్ ఓడిన అలబామాని తీసుకుంది. ఫ్లోరిడా స్టేట్ మెయిన్ ప్లేయర్‌కి గాయమైందన్నది కమిటీ వాదన. అలబామాది మాత్రం ఎస్ఈసీ. ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా బయటే ఉండిపోవడం ఎలా ఉంటుందో ఆ క్యాంపస్‌లో వాళ్లకే తెలుసు. అదే నెల ఆ యూనివర్సిటీ సొంత గ్రూపు మీదే కోర్టుకెక్కింది. మ్యాచ్‌లన్నీ గెలిచినా పనికిరాని గ్రూపులో ఎందుకు ఉండాలి అన్నదే వాళ్ల ఆలోచన.

సరే, మరి నిజంగా బలం ఎవరిది? 2006 సీజన్ నుంచి 2012 దాకా వరసగా ఏడు జాతీయ టైటిళ్లు ఎస్ఈసీవే. మళ్లీ 2019 నుంచి 2022 దాకా నాలుగు. ఆ తర్వాత గాలి మారింది. 2023లో మిషిగన్, 2024లో ఒహాయో స్టేట్, 2025లో ఇండియానా... మూడు సీజన్లూ బిగ్ టెన్ జట్లే గెలిచాయి. 2026 జనవరి 19న జరిగిన ఫైనల్లో ఇండియానా 27-21తో మయామీని ఓడించింది. ఇండియానాకి ఇదే తొలి జాతీయ టైటిల్, అదీ ఒక్క ఓటమి కూడా లేకుండా.

అదే సీజన్‌లో ఇంకో వింత. 2024 నుంచి ప్లేఆఫ్‌ని 12 జట్లకి పెంచారు. 2025 సీజన్ దాకా అందులో ఐదు చోట్లు, ర్యాంకుల్లో ముందున్న ఐదు గ్రూపుల చాంపియన్లకి ఉండేవి. 2025లో ఏసీసీ చాంపియన్ డ్యూక్ అప్పటికే ఐదు మ్యాచ్‌లు ఓడి ఉండటంతో దానికి చోటు దక్కలేదు. బదులుగా చిన్న గ్రూపుల చాంపియన్లు టులేన్, జేమ్స్ మాడిసన్ లోపలికొచ్చాయి, మొదటి రౌండ్‌లోనే పోయాయి. మరి ఏసీసీ బలహీనమేనా? అదే ఏసీసీ నుంచి కమిటీ ఎంపికతో వచ్చిన మయామీ ఏకంగా ఫైనల్ దాకా వెళ్లింది. గ్రూపు పేరు చూసి జట్టు బలం చెప్పడం ఎంత రిస్కో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మన స్టూడెంట్లు ఎక్కువగా ఉండే అరిజోనా స్టేట్ కథ కూడా ఇలాంటిదే. 2024లో బిగ్ 12లో చేరారు. సీజన్‌కి ముందు మీడియా అంచనాల్లో 16 జట్లలో 16వ స్థానం ఇచ్చారు. చేరిన మొదటి ఏడాదే చాంపియన్ అయ్యారు.

బలం కోసం కాదు, టీవీ కోసం

ఇంతకీ ఈ గ్రూపులు ఎందుకు పెరుగుతున్నాయి? బలమైన జట్లు వస్తే ఆట బాగుంటుందని చెబుతారు. అది సగం నిజమే. మిగతా సగం టీవీ డబ్బు.

బిగ్ టెన్ 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ చానళ్లతో ఏడేళ్ల డీల్ చేసుకుంది. విలువ 700 కోట్ల డాలర్ల పైమాటే అని అప్పట్లో వార్తలొచ్చాయి. మన లెక్కలో 60 వేల కోట్ల రూపాయలకి అటూఇటూ. 2023 నుంచి 2027 దాకా ఐదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకి అమ్ముడయ్యాయి. ఏడాదికి లెక్కేసి చూడండి, కాలేజీ పిల్లలు ఆడే ఒక్క గ్రూపు ఆదాయం ఐపీఎల్‌కి దగ్గర దగ్గరగా ఉంది.

ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోవాలి. 2022లో ఐపీఎల్ 8 జట్ల నుంచి 10కి పెరిగింది. ప్రో కబడ్డీ 2017లో 8 నుంచి 12కి పెరిగింది. అక్కడ కొత్త జట్లు పుట్టాయి, పాతవాళ్ల ఇల్లేమీ కూలలేదు. అమెరికా కాలేజీల్లో కొత్త జట్టు పుట్టదు, పక్కింటి నుంచి తెచ్చుకోవాలి. ఒక గ్రూపు పెరిగిందంటే ఇంకో గ్రూపు తరిగిందనే అర్థం.

2021 జులైలో టెక్సస్, ఓక్లహోమా తాము బిగ్ 12 వదిలి ఎస్ఈసీకి వెళ్తున్నామన్నాయి. ఏడాది తిరక్కుండా 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కి వెళ్తామన్నాయి. అక్కడితో పడమటి తీరంలోని పాక్-12 గ్రూపు పునాది కదిలింది.

ఉమ్మడి కుటుంబం పగిలినట్టు

పాక్-12 మూలాలు 1915 దాకా వెళ్తాయి. వందేళ్ల పైబడిన ఇల్లు. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వెళ్లాక మిగిలిన పది యూనివర్సిటీలు కొత్త టీవీ డీల్ కోసం ఏడాది తిరిగాయి. చివరికి టేబుల్ మీదకి వచ్చింది ఆపిల్ స్ట్రీమింగ్ ఆఫర్. ఎంతమంది చందా కడితే అంత డబ్బు అనే పద్ధతి. ఫోన్‌లో చూసేవాళ్లు వస్తారో రారో అన్న అనుమానం. ఆ ధైర్యం చాలక 2023 ఆగస్టు 4న ఒక్క రోజులోనే ఐదుగురు వెళ్లిపోయారు. ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. కొలరాడో అంతకు ముందే సర్దుకుంది.

ఆఖరికి ఆ ఇంట్లో ఇద్దరే మిగిలారు, ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. వీళ్లు ఆటలో మరీ చెడ్డవాళ్లేం కాదు. వాళ్ల ఊళ్లు చిన్నవి, చుట్టూ టీవీ చూసే జనం తక్కువ. అంతే తేడా. ఆస్తి పంపకాల్లాగే విషయం కోర్టుకి వెళ్లింది. వెళ్లిపోయిన పది యూనివర్సిటీలు కలిపి 6.5 కోట్ల డాలర్లు వదులుకునేలా 2024లో రాజీ కుదిరింది.

ఇంకో పంపకం కూడా ఉంది, వింటే నవ్వొస్తుంది. యూసీఎల్‌ఏ, బర్కిలీ రెండూ ఒకే ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థలోవి. నువ్వు డబ్బున్న ఇంటికి వెళ్లిపోయి తోబుట్టువుని రోడ్డున పడేశావు, కాబట్టి ఏటా కోటి డాలర్లు కట్టు అని ఆ వ్యవస్థ పాలకమండలి యూసీఎల్‌ఏకి చెప్పింది. అక్కడి జనం దీన్ని విడాకుల భరణంతో పోల్చి జోకులేసుకున్నారు.

పాక్-12 మాత్రం చచ్చిపోలేదు. బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, యూటా స్టేట్, టెక్సస్ స్టేట్‌ని కలుపుకుని 2026 జులై నుంచి ఎనిమిది ఫుట్‌బాల్ జట్లతో కొత్త లెక్క. దీనికోసం వాళ్లు కూడా ఇంకో చిన్న గ్రూపు ఇంటికే కన్నం వేశారు. ఎక్కువ మంది మౌంటెన్ వెస్ట్ నుంచి వచ్చినవాళ్లే. దెబ్బతిన్నవాడు తనకంటే చిన్నవాడిని కొట్టడం అంటే ఇదే.

ప్రయాణాలు ఎవరు చేస్తారు?

యూసీఎల్‌ఏ ఉన్న లాస్ ఏంజెలెస్ నుంచి అదే గ్రూపులోని రట్జర్స్ ఉన్న న్యూజెర్సీకి విమానంలో దాదాపు 3,900 కిలోమీటర్లు. మన దేశం ఉత్తరం కొస నుంచి దక్షిణం కొస దాకా 3,214 కిలోమీటర్లే. ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక్క మ్యాచ్, అదీ సొంతంగా మాట్లాడుకున్న విమానంలో వెళ్లొస్తుంది. కష్టం వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలది. వాళ్ల మ్యాచ్‌లు వారం మధ్యలో కూడా ఉంటాయి. మూడు గంటల టైమ్ తేడా, తెల్లారితే క్లాసు. వాళ్ల ఆట కోసం ఏ చానలూ కోట్లు పెట్టలేదు, కానీ ఫుట్‌బాల్ కోసం గీసిన మ్యాపులో వాళ్లూ తిరగాల్సిందే. ఈ మొత్తం వ్యవహారంలో అన్యాయం అనిపించేది ఇదే.

ఎచ్చెర్ల నుంచి చూస్తే

మన దగ్గర యూనివర్సిటీ క్రీడలు దీనికి పూర్తిగా రివర్స్. భారత విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ, దేశాన్ని ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర అని నాలుగు జోన్లు చేసింది. జోన్‌లో గెలిచినవాళ్లు ఆలిండియా పోటీలకి వెళ్తారు. 2008లో ఎచ్చెర్లలో ఏర్పడిన అంబేద్కర్ యూనివర్సిటీ మిగతా ఆంధ్ర యూనివర్సిటీల్లాగే దక్షిణ జోన్. పలాస నుంచి రైలెక్కితే గంటో గంటన్నరో, బరంపురం వచ్చేస్తుంది. అక్కడి యూనివర్సిటీ ఒడిశా కాబట్టి తూర్పు జోన్. పక్కూరి యూనివర్సిటీతో జోన్ మ్యాచ్ ఉండదు, పోటీలు కేరళలో పెడితే మాత్రం అక్కడిదాకా వెళ్లాలి. అంటే మ్యాపు గీసినా తిప్పలు తప్పవన్నమాట.

కానీ ఇక్కడ ఎవరూ జోన్ మారరు, ఎందుకంటే మారితే వచ్చే డబ్బు లేదు. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ 2020లో ఒడిశాలో మొదలయ్యాక యూనివర్సిటీ ఆటలు కాస్త టీవీలో కనిపిస్తున్నాయి. అంతవరకే. మన డిగ్రీ కాలేజీ కబడ్డీ ప్లేయర్ స్లీపర్ టికెట్ రిజర్వేషన్ కోసం చూస్తుంటే, అక్కడి ఆటగాళ్లకి 2025 జులైలో మొదలైన తొలి ఏడాదిలో ఒక్కో యూనివర్సిటీ 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచే వీలొచ్చింది. కోర్టు ఒప్పుకున్న సెటిల్‌మెంట్ అది. ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అన్నదే ఇప్పుడు గ్రూపులు మారడానికి కొత్త కారణం.

మనవాడి ఫీజు బిల్లు

ఇంట్లో అమ్మానాన్నలకి అసలు అవసరమైన ముక్క ఇది. పెద్ద గ్రూపుల్లో టీవీ డబ్బు దండిగా ఉంటుంది. కింది వరస గ్రూపుల్లో అంత రాదు. అక్కడ చాలా యూనివర్సిటీలు ఆటల ఖర్చులో కొంత స్టూడెంట్ల ఫీజుల నుంచే తీస్తాయి. అథ్లెటిక్ ఫీజు అని ఒక లైన్ ఉంటుంది. మీవాడు జీవితంలో ఒక్క మ్యాచ్ చూడకపోయినా, రాత్రింబవళ్లు ల్యాబ్‌లోనే ఉన్నా, తప్పనిసరి ఫీజు అయితే కట్టాల్సిందే.

డాలస్ పక్కన డెంటన్‌లో ఉన్న నార్త్ టెక్సస్ యూనివర్సిటీనే చూడండి. మన పిల్లలు బాగానే ఉంటారక్కడ. 2008లో అక్కడి స్టూడెంట్లే ఓటేసి అథ్లెటిక్ ఫీజుకి సరే అన్నారు, ఆ దన్నుతో కట్టిన కొత్త స్టేడియం 2011లో తెరిచారు. 2013లో ఒక మెట్టు, 2023లో అమెరికన్ కాన్ఫరెన్స్‌లోకి ఇంకో మెట్టు ఎక్కారు. అప్పుడు ఓటేసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. షార్లెట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు మొదలెట్టిందే 2013లో. పదేళ్లకే 2023లో అదే గ్రూపులో చేరింది.

ఇక పేరు చూసి మోసపోవద్దు. యూటీ డాలస్‌కి ఫుట్‌బాల్ జట్టే లేదు. ఇంతవరకు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదని అక్కడి స్టూడెంట్లు జోకులేసుకుంటారు. యూటీ ఆర్లింగ్టన్ 1985 సీజన్‌తో జట్టుని ఎత్తేసింది. మన పిల్లలు వెళ్లే మిస్సోరిలోని నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్ డివిజన్-2లో ఆడుతుంది, ఆ లెవెల్లో ఆరుసార్లు జాతీయ చాంపియన్. టీవీ గ్రూపుల గొడవలో దాని పేరు వినపడదు. వీటిలో ఏదీ కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ ఎలా ఉందో చెప్పదు. గ్రూపు పెద్దదైతే చదువు మంచిదని కాదు, చిన్నదైతే తక్కువనీ కాదు. ఐ-20 చేతికొచ్చినప్పుడు ట్యూషన్ ఫీజు అంకె ఒక్కటే చూసి ఊరుకోకుండా, కింద ఉండే తప్పనిసరి ఫీజుల వివరం యూనివర్సిటీ సైట్‌లో తెరిచి చూసుకోమని పిల్లలకి చెప్పండి.

తర్వాతి కుదుపు ఎప్పుడు?

టీవీ ఒప్పందాల తేదీలు చూస్తే చాలు. బిగ్ టెన్ డీల్ 2029-30తో, బిగ్ 12 డీల్ 2030-31తో ముగుస్తాయి. ఎస్ఈసీది 2033-34 దాకా, ఏసీసీది 2036 దాకా ఉంది. కోర్టుకెక్కిన ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ 2025 మార్చిలో ఏసీసీతో రాజీపడ్డాయి. దాని ప్రకారం టీవీలో ఎక్కువ మంది చూసే జట్టుకి ఎక్కువ వాటా. ఇంకా ముఖ్యమైనది, గ్రూపు వదిలి వెళ్లాలంటే కట్టాల్సిన మొత్తం ఏటా తగ్గుతూ 2030-31 నాటికి 7.5 కోట్ల డాలర్లకి దిగుతుంది. అంటే తలుపు గడియ తీసి, ఇప్పుడే కాదు ఐదేళ్లాగి వెళ్లు అని చెప్పినట్టే.

వెళ్తే ఎవరు వెళ్తారు? ఎక్కువగా వినిపించే పేర్లు ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్, నార్త్ కరోలినా. వీళ్లందరికంటే పెద్ద చేప నోటర్‌డామ్. ఫుట్‌బాల్‌లో ఏ గ్రూపులోనూ లేకుండా ఎన్‌బీసీతో సొంత డీల్ పెట్టుకుని నడుస్తోంది. ఆ డీల్ కూడా 2029 దాకానే.

ప్లేఆఫ్‌ని 16 జట్లకి, ఇంకా కుదిరితే 24కి పెంచాలని చర్చలు నడిచాయి. ఎవరికి ఎన్ని సీట్లు రిజర్వ్ చేయాలన్న దగ్గర ఎస్ఈసీ, బిగ్ టెన్ ఒక్క మాట మీదకి రాలేదు. అందుకే 2026 సీజన్‌కీ 12 జట్లే. ఎస్ఈసీ మాత్రం 2026 నుంచి గ్రూపు లోపల ఆడే మ్యాచ్‌లని ఎనిమిది నుంచి తొమ్మిదికి పెంచుకుంది.

సీజన్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది. మీవాళ్ల వీడియో కాల్ ఎప్పుడొస్తుందో తెలుసుకోవాలంటే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం 12కి మొదలయ్యే మ్యాచ్ మనకి శనివారం రాత్రి 9:30కి. నవంబర్‌లో అక్కడి గడియారాలు మారాక 10:30కి. పడమటి తీరంలో రాత్రి ఆలస్యంగా మొదలయ్యే ఆటలైతే మనకి ఆదివారం పొద్దున్న ఎనిమిది, టిఫిన్ టైమ్.